అవిసె నూనె ఆరే దాకా

గురజాల పెద్దబజారులో జాన్ సాహెబ్ కొట్టు ఎక్కడని అడిగితే, అవిసె నూనె వాసన తగిలిన చోట ఆగమని చెప్పేవాళ్ళు. మంచం కోళ్ళు, నాగలి మేళ్ళు, గుమ్మాలు చేసే వడ్రంగులు బజారులో ఇంకా ఉన్నారు. తుపాకి కర్ర బాగుచేసే చెయ్యి మాత్రం మాచర్ల నుంచి పిడుగురాళ్ళ దాకా ఆ ఒక్కటే. అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్న రైతులూ, అడవిపందుల పేరు చెప్పి లైసెన్సు తీసుకున్న రైతులూ ఆయన గడపలోకే వచ్చేవాళ్ళు.

ఆ పనికి ఆయన తండ్రి పెట్టిపోయిన కట్టు ఒకటుంది. తుపాకి ఇనుము కొట్టు గడప దాటి లోపలికి రాకూడదు. అందుకని తుపాకి గలవాళ్ళ ఇంటికి జాన్ సాహెబే వెళ్ళేవాడు. వాళ్ళ కళ్ళముందే మరలు విప్పి, గొట్టాలూ మీటలూ వాళ్ళ పెట్టెలోనే పెట్టించి, భుజానికి ఆనించుకునే కర్ర ఒక్కటీ గోనెపట్టాలో చుట్టుకుని తెచ్చుకునేవాడు. పనయ్యాక మళ్ళీ తనే వెళ్ళి బిగించి వచ్చేవాడు. పోలీసులు అడిగితే చెప్పుకోవడానికి అదొక దారి. తనకు తను చెప్పుకోవడానికీ అదే దారి.

"నా చేతిలో ఉంది కర్ర. కర్ర ఎవుర్నీ చంపదు" అనేవాడు ఎవరన్నా ఎత్తిపొడిస్తే.

ఆ ఏడు మార్గశిరంలో రేగులపాడు లక్ష్మీనారాయణ నుంచి కబురొచ్చింది. కృష్ణయ్య కొడుకు అతను. రెండేళ్ళ కిందట, సాగరు కాలవ తూము దగ్గర నీళ్ళ తగాదాలో కృష్ణయ్యను గొడ్డళ్ళతో నరికారు. మొదటి ముద్దాయి ఆయన చిన్నాయన కొడుకు వీరయ్య. నరసరావుపేట కోర్టులో సాక్షులు మాట మార్చారు, కేసు కొట్టేశారు. వీరయ్య ఊళ్ళోకి తిరిగొచ్చి నెల కూడా కాలేదు. అంతకాలమూ పోలీసు స్టేషన్లో మూలన పడున్న కృష్ణయ్య తుపాకిని, లైసెన్సు తన పేరున మార్పించుకుని లక్ష్మీనారాయణ ఇంటికి తెచ్చుకున్నాడు. ఇరవయ్యారేళ్ళవాడు. తండ్రి పోలికే, మాట మాత్రం తండ్రికన్నా పొదుపు.

జాన్ సాహెబ్ అతని ఇంటికి వెళ్ళి మరలు విప్పి, కర్రను చేతిలోకి తీసుకుని మూతి విరిచాడు. అక్రోటు కర్ర. దాని లోపల పొగ మెలికలు తిరిగినట్టు నల్లటి చారలుంటాయి. ఇప్పుడవేమీ కనపడటంలేదు. పైన బూడిద రంగు పట్టి, ఎండిన పేడపిడకలాగా ఉంది.

"వార్నిష్ కొట్టియ్యి మామా. పూటలో ఆరిపోద్ది గదా" అన్నాడు లక్ష్మీనారాయణ.

"పూటలో ఆరుద్ది. ఒక్క వానకి పొట్టు రేగుద్ది. పైగా ఎండలో అద్దంలాగ తళతళమంటది. పంది గాదు, దాని తాత గూడా దూరం నుంచే చూసి పోద్ది."

"లక్క పాలిషు?"

"అది బీరువాలకి. చేతి చెమట తగిల్తే తెల్లగా పాలిపోద్ది."

"ఆముదం రుద్దుకోమన్నారు స్టేషన్లో."

"రుద్దుకోమను వాళ్ళ లాఠీలకి. ఆముదం ఎన్నేళ్ళకీ ఆరదు. చీమలు పట్టి చస్తయ్యి" అని జాన్ సాహెబ్ కర్రను వెలుతురుకేసి తిప్పాడు. "దీనికి అవిసె నూనే అల్లుడా. మిగతావన్నీ కర్రమీద కూసుంటయ్యి, ఇది కర్ర లోపలికి పోద్ది. రోజుకొక పూత వారం. వారానికొక పూత నెల. నెలకొక పూత ఏడాది. ఆపైన ఏడాదికొకటి, మనం బతికినన్నాళ్ళు. మీ నాయన అట్టాగే చేయించాడు."

"అన్నాళ్ళు నాకు ఆగదు మామా."

"మొదటి వారం కాంగానే బిగించి ఇచ్చేస్తా. మిగతా పూతలు తరవాత చూసుకుందాం."

"వారం" అన్నాడు లక్ష్మీనారాయణ, దేనికో కొలత తీసుకుంటున్నట్టు.

తొందర దేనికని జాన్ సాహెబ్ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

పాత మడ్డి గీకి, సొట్టపడ్డ చోటల్లా తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి కర్ర పొంగి సొట్ట పూడిపోతుంది. ఉప్పు కాగితంతో రుద్ది, నీళ్ళు చల్లి, లేచిన నూగును మళ్ళీ రుద్ది, మూడు రోజులకు కర్ర పసిబిడ్డ వీపులాగా తయారయింది. కాగిన అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి మొదటి పూత వేశాడు. గుడ్డతో కాదు, అరచేత్తో. అరచెయ్యి వేడెక్కే దాకా రుద్దడం, తాగనిది తుడిచెయ్యడం, అంతే విద్య. ఆ ఒక్క పూతకే లోపలి చారలు మబ్బు కదిలినట్టు పైకొచ్చాయి. మరమేకు పోయే బెజ్జంలోంచి తీగ దూర్చి, కొట్టు ముందు చూరుకు వేలాడదీశాడు. అవిసె నూనె ఆరాలంటే గాలి కావాలి, వెలుతురు కావాలి. ఎండ తగలకూడదు.

నాలుగో రోజు పొద్దున ధనమ్మ వచ్చింది. లక్ష్మీనారాయణ తల్లి. ఎండుమిరపకాయల మూట చూరు కింద దించి, వేలాడుతున్న కర్రను చూసి, చూపు తిప్పుకుంది. జాన్ సాహెబ్ భార్య సైదాబీ పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

"సాయిబన్నా, దాన్ని ఆరనియ్యమాకు."

జాన్ సాహెబ్ చేతిలో ఉలి పక్కన పెట్టాడు.

"మా తమ్ముడు నూజెండ్ల నుంచి పెద్దమనుషుల్ని తోలుకొస్తన్నాడు. ఈ శుక్రవారం గాదు, పై శుక్రవారం. రాజీ చెయ్యాలని. వీరయ్య కూడా చూద్దాంలే అన్నాడంట. అప్పటిదాకా మా వాడి చేతికి అది రాగూడదు. ఇంట్లో ఉన్న ఇనపముక్కల్ని రోజూ తుడుస్తన్నాడన్నా. అన్నం కాడ గూడా నోరు ఇప్పడు."

"నువ్వే చెప్పి చూడకపోయావా చెల్లెమ్మా?"

"నేనేం చెప్పేది. మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, ఊరుకోరా అంటే, ఇదెప్పుడో మర్చిపోయిందిలే అనుకుంటాడు."

జాన్ సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. "పని ఆలిస్యం చేశాగానీ, నా చేత్తో ఇంతవరకూ చెడగొట్టలేదమ్మా."

"చెడగొట్టమన్నానా? ఆలిస్యమే చెయ్యమన్నా."

ఆమె వెళ్ళాక సైదాబీ మిరపకాయల్ని చాపమీద నెరుపుతూ, "ఏం చేస్తావయ్యా?" అంది. ఆయన లోపలికి వెళ్ళి, వెనక అరలో ఉన్న రెండో సీసా తెచ్చాడు. పచ్చి అవిసె నూనె, కాచనిది. అది ఎండాకాలంలోనే వారాలు పడుతుంది ఆరడానికి. మార్గశిరం మంచులో, దళసరిగా పూసి తుడవకుండా వదిలేస్తే ఇక చెప్పేదేముంది. పూస్తున్నంతసేపూ ఆయన అరచెయ్యి తుడవబోయేది. తనే వెనక్కి లాక్కునేవాడు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు గదా, చేతికేం తెలుసు రాజీ సంగతి.

వారం గడువు నాటికి లక్ష్మీనారాయణ సైకిలేసుకుని వచ్చాడు. కర్రమీద వేలు ఆనిస్తే వేలు అంటుకుంది.

"ఇదేంది మామా, బంకలాగ ఉంది."

"మంచు అల్లుడా. నూనె ముడుచుకుపోయింది. ఇంకో పదిరోజులు."

లక్ష్మీనారాయణ ఆయన మొహంకేసి చూశాడు. జాన్ సాహెబ్ తుపాకి కర్ర విషయంలో అబద్ధమాడటం అదే మొదలు. అబద్ధం కూడా పచ్చినూనె లాంటిదేనని, ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు కూడా చేతికి అంటుకునే ఉందనీ ఆయనకనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం వీరయ్య వచ్చాడు.

విరిగిన నాగలి మేడి భుజాన వేసుకుని, ఏమీ జరగనట్టే, ఎప్పుడూ వచ్చినట్టే వచ్చాడు. అతని పెళ్ళినాటి పందిరిమంచానికి కోళ్ళు చిత్రిక పట్టింది జాన్ సాహెబే. పొమ్మనే నోరు లేదు. బల్లమీద కూర్చుని చుట్ట ముట్టించాడు. రెండేళ్ళలో మనిషి సగమయ్యాడు, గొంతు మాత్రం తగ్గలేదు.

"మా అన్నదేగా ఆ కర్ర?"

"ఆ."

"కాయితంతో ఎంత రుద్దినా, ఆ నల్లచార తెలుస్తానే ఉంది. దీంతోనే గదా మేమిద్దరం తంగెడ అడివిలో కణుజును కొట్టింది." లేచి దగ్గరికెళ్ళాడు. "ఏం పూత ఇది?"

పనిగురించి ఎవరన్నా అడిగితే జాన్ సాహెబ్ నోరు ఆగదు. అదొక జబ్బు ఆయనకు. పచ్చినూనెకీ కాగిన నూనెకీ తేడా చెప్పాడు. చలికి ఎట్లా ఆలస్యమవుతుందో చెప్పాడు. వీరయ్య తలూపుతూ విన్నాడు.

"అయితే ఇది ఎప్పటికి బిగిస్తావు?"

"శుక్రవారం దాటాల్సిందే. ఈలోగా దేనికీ పనికిరాదు."

"నిజమేనా అని చూస్తన్నా" అంటూ వీరయ్య బొటనవేలు కర్రమీద, గట్టిగా, కాస్తసేపు ఆనించి తీశాడు. వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. మేడి అక్కడ పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

ఎదురు టీకొట్టు నూర్ మొహమ్మద్ గ్లాసు కడుగుతూ ఇదంతా చూశాడు. టీ పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం అడిగాడు భాయ్?"

"ఎప్పుడు ఆరుద్దని."

"నువ్వు చెప్పావు."

"చెప్పా."

"బాగుంది. కృష్ణయ్య ఇంట్లో తుపాకి పనిచెయ్యట్లేదని వారంరోజులుగా బోర్డు కట్టి వేలాడదీశావు. చదువురానోడు ఎవుడన్నా ఉంటే, వాడికి నోటితో చదివి వినిపిస్తన్నావు గూడా."

జాన్ సాహెబ్ టీ గ్లాసు బల్లమీద పెట్టి చూరుకేసి చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా అదే చూరుకు అదే తీగకు కర్రలు వేలాడదీస్తున్నాడు. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు చూసి, ఫలానా ఊరి ఫలానావాడిదని గుర్తుపట్టేవాళ్ళు. తన పనితనం చూసుకుంటున్నారనుకుని మురిశాడేగాని, వాళ్ళు చూసేది ఆ ఇంట్లో ఏది లేదోనని ఇంతకాలమూ తట్టలేదు. కొడుకు చంపకుండా ఆపమని ధనమ్మ అడిగింది. ఆపాడు. ఇప్పుడు ఆ కొడుకును ఎవరన్నా చంపాలనుకుంటే, శుక్రవారం దాకా అడ్డం లేదని తనే గడువు చెప్పి పంపించాడు.

కర్ర దగ్గరికెళ్ళి చూశాడు. పిడికిలి పట్టుకునే సన్నటి మెడ దగ్గర, జిగట నూనెలో, వీరయ్య బొటనవేలు గీత గీతా దిగి ఉంది. స్టేషన్లో రిజిస్టరు మీద వేయించినట్టు. టర్పెంటైన్ గుడ్డ తీసుకుని, మళ్ళీ ఆగాడు. ఆ ఒక్కచోట తుడిస్తే మచ్చ పడుతుంది. మొత్తం తుడిస్తే కర్ర రెండు రోజుల్లో ఆరిపోతుంది. ఆరిపోతే ఇవ్వాలి. ఇస్తే ధనమ్మకు ఏం చెప్పాలి. ఇవ్వకపోతే, ఒకవేళ ఏమన్నా అయితే, ధనమ్మకు ఏం చెప్పాలి.

కాసేపు బల్లమీద కూర్చున్నాడు. పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చిన సున్నం లారీ తెల్లటి దుమ్ము రేపుతూ పోయింది. దుమ్ము కర్రకు అంటుకుంటుందని గబుక్కున లేచాడు. లేచినవాడు తీగ విప్పి, కర్రను లోపలికి పట్టుకుపోయి, సైదాబీ బట్టల ట్రంకుపెట్టె ఖాళీ చేసి, అడుగున గోనె పరిచి అందులో పడుకోబెట్టాడు.

"ఏమయ్యా, నా చీరెలన్నీ కంపు కొడతయ్యి."

"కొట్టనియ్యి. ఎవురన్నా అడిగితే, రేగులపాడు కర్ర బిగించి వచ్చాడని చెప్పు."

"ఎప్పుడు బిగించావు?"

"ఇప్పుడే."

సైదాబీకి అర్థమయేదాకా కాస్తసేపు పట్టింది. అర్థమయ్యాక మూత తనే వేసింది. జాన్ సాహెబ్ గోనెపట్టాలో మంచం కోడు ఒకటి చుట్టి చంకన పెట్టుకుని, మరలు విప్పే సామాన్ల సంచి చేత్తో పట్టుకుని, అందరూ చూస్తుండగా రేగులపాడు దారిన అరమైలు నడిచి, చీకటిపడకముందే చేలగట్ల మీదుగా తిరిగొచ్చాడు. కోడు తన దొడ్డి తడికెవతల జారవిడిచి, చేతులు ఊపుకుంటూ బజారులో అడుగుపెట్టాడు. నూర్ మొహమ్మద్ దగ్గర టీ తాగుతూ, "ఇవ్వాల్టితో కృష్ణయ్య పని అయిపోయింది, బిగించి వచ్చా" అన్నాడు. నూర్ మొహమ్మద్ చెవిన వేశాక రేడియోలో చెప్పాల్సిన పనిలేదు. అతను కన్ను కూడా ఆర్పకుండా, "శ్రమపడ్డావు భాయ్, ఇంకో టీ తాగు" అన్నాడు.

మూత వేసిన పెట్టెలో గాలి తగలదు. అక్రోటు కర్ర పైన నూనె తోడుకుని మడ్డి కడుతుంది. ఆ సంగతి జాన్ సాహెబ్‌కన్నా తెలిసినవాడు గురజాల తాలూకాలో లేడు. రోజుకు రెండుసార్లు ఆ పెట్టె పక్కనుంచి నడిచేవాడుగాని మూత ఎత్తేవాడు కాదు. ఒకరు తుపాకి ఉందనుకోవాలి, ఇంకొకరు లేదనుకోవాలి. ఈ రెండూ శుక్రవారం దాకా ఒకళ్ళకొకళ్ళు తగలకుండా ఉండాలి. రేగులపాడులో వీరయ్య ఇంటికీ లక్ష్మీనారాయణ ఇంటికీ మధ్య నాలుగు గడపలు.

బుధవారం పొద్దున్నే తగిలాయి.

లక్ష్మీనారాయణ సైకిలు స్టాండు వెయ్యకుండానే గోడకు వాల్చాడు. చూరు కేసి చూశాడు. ఖాళీ తీగ.

"మా తుపాకి ఇంటికొచ్చిందంట గదా మామా. ఊరంతా అంటన్నారు. వీరయ్య బాబాయి మా ఇంటి ముందునుంచి పోవటం మానేసి, చుట్టు తిరిగి పోతన్నాడు. అందరికీ కనపడింది, నాకు తప్ప." గొంతు పెంచలేదు. "ఎవురికిచ్చావు?"

"లోపలికి రా అల్లుడా."

"ఆయన ఇక్కడ కూసుని పోయాడంట. ఆయనకిచ్చావా?"

"లోపలికి రమ్మంటన్నానా."

ట్రంకుపెట్టె మూత ఎత్తాడు జాన్ సాహెబ్. పాత నూనె కంపు గదంతా కమ్మింది. కర్ర ఒక పక్కన గోనె నేత అచ్చు గళ్ళుగళ్ళుగా పడింది. రెండో పక్కన పసుపు మడ్డి. లక్ష్మీనారాయణ దాన్ని చేతిలోకి తీసుకుని, గోనె అచ్చుమీద అరచెయ్యి రాశాడు.

"మా నాయనకు నువ్వు చేసిచ్చిన కర్రేనా ఇది?"

"చేసిందీ నేనే. ఇట్టా చేసిందీ నేనే."

"తెలియక చేసే మనిషివి గాదు నువ్వు. మా అమ్మ వచ్చిందా?"

గుమ్మంలో నిలబడ్డ సైదాబీ అంది: "వచ్చింది నాయనా. వాకిట్లో ఎండేవి మీ మిరపకాయలే."

అతను వాకిటివైపు చూశాడు. చాపమీద ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. తర్వాత కర్రను తిప్పి చూసుకుంటూ మెడ దగ్గర ఆగిపోయాడు. కిటికీ వెలుతురుకు పెట్టాడు.

"ఇది నీ వేలు గాదు."

"కాదు."

లక్ష్మీనారాయణ తన బొటనవేలు మెల్లిగా దానిమీద పెట్టాడు. భుజానికి ఎత్తినప్పుడు బొటనవేలు ఉండే చోటు సరిగ్గా అదే. తండ్రిది అక్కడే ఉండేది. తనదీ అక్కడే ఉండాలి. జాన్ సాహెబ్ ఆ పిల్లవాడి దవడ ఎముక కదలడం చూశాడు. వెంటనే వెళ్ళి సైకిలెక్కి, కర్ర లేకపోతే గొడ్డలితోనైనా పోతాడేమో అనుకున్నాడు. అడ్డం నిలబడటానికి ఒక అడుగు గుమ్మంకేసి వేశాడు కూడా.

లక్ష్మీనారాయణ కదల్లేదు.

"శుక్రవారం కూసుంటా మామా. మా అమ్మకు అంత ఇదిగా ఉంటే సంతకం పెడతా. కాలవ నీళ్ళు కూడా వంతులేసుకుంటా." కర్రను తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. "దీన్ని మా నాయన నాడు ఎట్టా ఉందో అట్టా చెయ్యి. ఎన్నాళ్ళన్నా పట్టనియ్యి. ఈ వేలు మాత్రం తుడవమాకు."

"మచ్చగా ఉంటది అల్లుడా."

"ఉండనియ్యి. మచ్చగానే ఆరనియ్యి."

శుక్రవారం రాజీ అయింది. నూజెండ్ల పెద్దమనుషులు రచ్చబండమీద కూర్చున్నారట. వీరయ్య వచ్చాడట, రావడానికి ముందు ధనమ్మ ఇంటి తలుపుకేసి రెండుసార్లు చూశాడట. తలుపు వెనక తుపాకి ఉన్నట్టే అతను మాట్లాడాడనీ, లేనట్టే లక్ష్మీనారాయణ మాట్లాడాడనీ, చూసొచ్చిన నూర్ మొహమ్మద్ చెప్పాడు. ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెట్టారు. చక్కెర పంచారు. అసలు సంగతి బయటపడ్డాక బజారంతా జాన్ సాహెబ్ తెలివిని మెచ్చుకుంది. ఆయన మాత్రం కర్ర ఎవర్నీ చంపదన్న మాట ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

గోనె అచ్చులు గీకి, మళ్ళీ మొదట్నుంచి కాగిన నూనెతో పూత మీద పూత వేశాడు. మెడ దగ్గర వేలెడంత చోటు మాత్రం రుద్దకుండా, పైన పల్చగా రాసి వదిలేశాడు. నెల తర్వాత రేగులపాడు వెళ్ళి బిగించి ఇచ్చాడు. తేనె రంగు కర్రలో నల్లచారల మధ్య ఆ వేలిముద్ర, బంకలో చిక్కిన ఈగలాగా గట్టిపడి ఉంది. లక్ష్మీనారాయణ తుపాకిని భుజానికెత్తి, ఆ ముద్రమీద తన బొటనవేలు పెట్టి, దించి, గోడకు తగిలించాడు. నెలనెలా వేసే పూతలకు పిలవలేదు.

మళ్ళీ మార్గశిరానికి ఏడాది పూతకని కబురు పంపాడు. ఈసారి జాన్ సాహెబ్ కర్రను చూరుకు కట్టలేదు. వెనకదొడ్లో, వంటపాక పక్కన, బజారుకు కనపడని చోట కట్టాడు. రోజూ పొద్దున్నే మెత్తటి ఇటుకపొడి చిటికెడు నూనెలో కలుపుకుని, తన బొటనవేలితో ఆ మచ్చ అంచుల్ని రుద్దేవాడు. ఎక్కువ కాదు. వేడి పుట్టేదాకా. కొత్తగా రుద్దినట్టు తెలియకుండా, వాడగా వాడగా అరిగినట్టు ఉండాలి. అదీ పనితనమే.

ఐదో రోజు ధనమ్మ వచ్చింది. మిరపకాయల మూట దించింది. కర్రను ఈసారి చూపు తిప్పుకోకుండా చూసింది.

"పోయిందా అన్నా, ఆ వేలు? అదున్నన్నాళ్ళూ వాడు మర్చిపోడు."

"బయటి గీతలు రెండు పోయినయ్యి. నడిమివి లోతుగా ఉన్నయ్యి."

"వాడు గుర్తుపడితే?"

"పోయిన నెల మిరపతోటలో పందికని పేల్చాడంట గదా. అప్పుడు చూసుకుని ఉంటాడు. ఒకటి రెండు పోతే తెలియదు. తెలిసినా అనడేమో." జాన్ సాహెబ్ చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు. "ఏడాదికింత. ఇంకో నాలుగేళ్ళు పడుద్ది."

ధనమ్మ పీటమీద కూర్చుంది. పోయినేడు కూర్చోని పీట.

"ఆ నాలుగేళ్ళూ నువ్వు గట్టిగా ఉండాలన్నా" అంది. "వాడు గూడా ఏటా పంపించాలి."

జాన్ సాహెబ్ ఇంకో చిటికెడు ఇటుకపొడి తీసుకుని, వేలు నూనెలో ముంచాడు.